ఇద్దరికీ ఒకే నోట్సు

“పోయిన తూరి మాదిరి సగం సగం రాసుకోని రావద్దు,” అన్నాడు మా ఆయన రాజ్‌మోహన్, నేను ఇడ్లీలు డబ్బాలో సర్దుతుంటే. తన చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు.

ఆదివారాలు మాత్రమే క్లాసులుండే దూరవిద్య ఎం.ఏ. ఎకనామిక్స్‌లో మా ఇద్దరినీ చేర్పించింది తనే. ఆవడి ఫ్యాక్టరీలో ప్రమోషన్‌కి తనకు ఆ డిగ్రీ కావాలి. నన్నెందుకు చేర్చాడో తెలియక పొంగిపోయాను. బి.ఏ. చదివి, తిరుత్తణిలో అత్తింటి మగ్గం పక్కన కండెలు చుడుతూ కూర్చున్నదాన్ని మరి. మొదటి ఆదివారం తిరువళ్లూరులో రైలు దిగి, క్లాసు గుమ్మం దాకా వచ్చాక తెలిసింది. “నువ్వు రాసుకోనుండు. ఇద్దరికీ ఒకే నోట్సు చాలు,” అని తను టీ కొట్టుకు పోయాడు.

సుదర్శనం సారు ఇంగ్లీషూ తమిళమూ కలిపి గబగబా చెప్పుకుపోయేవాడు. ఒక్క మాట వదిలినా ఇంట్లో తిట్లు తప్పవని ప్రతి మాటా రాయబోయేదాన్ని. ఒక వాక్యం పట్టుకునేలోపు నాలుగు దాటిపోయేవి. వేళ్లు పీకేవి గానీ, ఏం విన్నావంటే చెప్పలేను. సాయంత్రం ఆ తెగిన వాక్యాలు చూసి, “చెవులుండాయా నీకు?” అనేవాడు రాజ్‌మోహన్. అత్త సుందరవల్లి టీవీ ముందు నుంచే అందుకునేది: “ఇంట్లో చెప్పిందే వినదు. ఆడ పోయి ఏం వింటుంది?”

క్లాసులో పక్కన కూర్చునే మనీష నా అవస్థ చూసింది. “అక్కా, అంతా రాయబాకు. ముందు విను. సార్ ఆగి రెండోసారి చెప్తాడే, అది రాయి. పక్కన కొంచెం జాగా వదులు, నీకు తోచింది రాసుకునేదానికి.”

నాకు తోచింది! ఆ జాగా చాలా వారాలు ఖాళీగానే ఉంది. పెన్ను కింద పెట్టి వినాలంటే, పాలు పొయ్యి మీద పెట్టి వీధిలోకి వచ్చినంత భయం. మెల్లగా అలవాటైంది. సారు మాట ఎటు పోతుందో ముందే పసిగట్టేదాన్ని. ఒకరోజు ఆయన, ఇంట్లో ఆడవాళ్లు చేసే పని జాతీయాదాయం లెక్కలోకి రాదని చెప్పి ఇంకో విషయానికి వెళ్లిపోయాడు. పక్క జాగాలో ‘ఎందుకు రాదు?’ అని రాశాను. చేయెత్తి అడిగాను కూడా. సారు వెనక్కి వచ్చి, మిగతా క్లాసంతా దాని మీదే చెప్పాడు.

ఆ సాయంత్రం నేను పిండి రుబ్బుతుంటే రాజ్‌మోహన్ పుస్తకం తిరగేశాడు. “ఏంది ఇది? సార్ చెప్పింది యాడ? అంతా నీ ప్రశ్నలే ఉండాయి.”

“వాటికి సార్ చెప్పిన జవాబులూ ఉండాయి బావా.”

“నీ బుర్రలో ఏముండాదో ఎవురడిగినారు? నాకు పరీక్షకు ఏం కావాలో అది రాసుకోని రా, చాలు.”

పుస్తకం విసిరాడు. అత్త నవ్వింది. అట్టకంటిన పిండిని పైటతో తుడిచిందే తుడిచాను. భయమనుకున్నాను. కాదు. అంత కోపం నాలో ఉందని నాకే తెలీదు.

తర్వాతి ఆదివారం గుమ్మం దగ్గర తను టీ కొట్టు వైపు తిరిగాడు.

“బావా, లోపలికి రా,” అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. క్లాసులో అందరూ ఇటు చూశారు.

“ఏంటికి? నువ్వుండావు కదా.”

“నేను నాకోసం వచ్చినా. నీది నువ్వు విను.”

లోపలికి వెళ్లి ముందు బెంచీలో కూర్చున్నాను. తను వచ్చాడో లేదో తిరిగి చూడలేదు. సారు అప్పటికే మొదలుపెట్టేశాడు.