ఆరో వేలు

నేను వేసే బొమ్మల్లో మనుషులకు చేతులుండవు. అంటే ఉంటాయి, కనబడవు. ఒకడు జేబుల్లో పెట్టుకుంటాడు, ఒకామె శాలువా కింద దాచుకుంటుంది, ఇంకొకాయన వెనక్కి కట్టుకుని నిలబడతాడు. మొహాలు, గొడుగులు, కుక్కలు ఏవైనా వేస్తాను గానీ చెయ్యి దగ్గరికొచ్చేసరికి పెన్సిలు మొరాయిస్తుంది. రెండేళ్ళుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. లైబ్రరీ మేడమీద ప్రతి గురువారం బొమ్మలు నేర్పే మాస్టారు పోయిన వారం నా బస్టాపు బొమ్మ చూసి, "పన్నెండు మంది జనం, ఒక్క చెయ్యి లేదు. ఇదేం జబ్బమ్మా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నది నిజమే.

లైబ్రరీ వరండా గోడకు మా క్లాసు బొమ్మలు నెల రోజులు పెడతారు. మొత్తం పన్నెండు మేకులు. పదకొండు నిండాయి. "పన్నెండోది మీదే. ఒక చెయ్యి, ఒక్కటంటే ఒక్కటి, కళ్ళతో చూసి వేసింది తీసుకురండి. వచ్చే గురువారం నాలుగింటికి తలుపు వేసేస్తాను" అన్నారు మాస్టారు. నాకు యాభై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో నేను చేసిన పని ఒక్కటీ గోడెక్కలేదు. వండింది తినేశారు, ఉతికింది మాసిపోయింది, ఆఫీసులో రాసింది బీరువాలో పడింది. ఆ మేకు నాకు కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పిచ్చిగా కావాలి.

ఆరు రోజులపాటు నా ఎడమ చెయ్యి బల్లమీద పెట్టుకుని అదే వేశాను. మా ఆయన వెనకనుంచి తొంగిచూసి, "బావుందే. అల్లం కదూ?" అన్నారు. ఆ పూట ఆయన టీ ఆయనే పెట్టుకున్నారు.

గురువారం రానే వచ్చింది. ఆఫీసుకు సెలవు పెట్టాను, బొమ్మకోసం కాదు, బయటి పనులు పేరుకుపోయి. చెప్పులు కుట్టించాలి, కుక్కరుకు రబ్బరు కొనాలి, మధ్యాహ్నం భోజనమయ్యాక అత్తయ్యకు రక్తపరీక్ష చేయించాలి. సంచిలో కుక్కరు మూత, నోటుపుస్తకం, పెన్సిలు పడేసుకుని బయల్దేరాను.

చెప్పులు కుట్టే పెద్దాయన నా చెప్పును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని దారం లాగుతున్నాడు. "కాస్త మెల్లగా కుట్టండి, మీ చెయ్యి బొమ్మ వేసుకుంటాను" అన్నాను.

"మొహం ఇక్కడుంది కదమ్మా!" అన్నాడు ఆశ్చర్యపోయి.

"మొహాలు నాకొచ్చులెండి."

పాపం, మెల్లగానే కుట్టాడు. కానీ ఆ చెయ్యి ఫొటోకి నిలబడ్డ పెళ్ళికొడుకులా బిగుసుకుపోయింది. సరే, మీ పద్ధతిలోనే కానివ్వండి అన్నాను. అంతే, చేతికి ప్రాణం వచ్చింది. సూది అటు పోతోంది, దారం ఇటు వస్తోంది, చిటికెనవేలు దేనికీ అడ్డం రాకుండా గాల్లో నిలబడి ఉంది. నా పెన్సిలు దాన్ని అందుకోలేక చతికిలపడింది. అయినా చూస్తుంటే ఎంత హాయిగా ఉందో! చెప్పు తయారయ్యాక కూడా కదలబుద్ధి కాలేదు.

కుక్కర్ల కొట్టు ఆవిడ రబ్బర్లన్నీ గాజుల్లా మణికట్టుకు తొడుక్కుని కూర్చుంది. నా మూత వంక ఒక్క చూపు చూసి నాలుగోది లాగి ఇచ్చింది. కొలవలేదు, తడుముకోలేదు. పెట్టి చూస్తే అచ్చంగా సరిపోయింది. "ఎలా తెలిసిందండీ?" అంటే, "నాకు తెలీదండీ, చేతికి తెలుసు" అంది. ఆవిడ మణికట్టు దాకా వేశాను, ఈలోగా నా వెనక నలుగురు పోగై నన్ను పక్కకు జరిపేశారు. తిట్టుకుంటూ బయటికొచ్చాను గానీ, ఆ మాట తలుచుకుంటూ ఇంటిదాకా నవ్వుకున్నాను.

ఇక అత్తయ్య. డెబ్భై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసింది. ఆవిడ భయపడగా, తడబడగా చూసినవాళ్ళు లేరు. మామయ్య పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళకు కుర్చీలు సరిగ్గా వేశారో లేదో చూస్తూ తిరిగింది. ఇరవయ్యారేళ్ళ కాపురంలో నా తప్పులు ఆవిడ దిద్దడమే గానీ, ఆవిడకు నా అవసరం పడడం నేనెరగను.

రక్తపరీక్షల గదిలో ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, కుడిచేతికి పట్టీ కట్టింది నర్సమ్మ. నేను ఎడమవైపు స్టూలు మీద కూర్చున్నాను. నరం దొరకలేదు. గుచ్చింది, తీసింది, మళ్ళీ తడిమింది. అత్తయ్య ఎదురుగోడ మీది కేలండరు వంక చూస్తోంది, మొహంలో ఒక్క గీత కదల్లేదు. ఆవిడ ఎడమచెయ్యి మాత్రం చీర మీదనుంచి పాకి వచ్చి, నా ఎడమచేతి చూపుడువేలు గుప్పిట్లో పట్టేసింది. అబ్బ, ఏం పట్టు! వేలు తెల్లబడిపోయింది. లాక్కోవాలనిపించలేదు.

ఐదు నిమిషాలు అలాగే ఉన్నాం. నా కుడిచెయ్యి ఖాళీగా ఉంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఏమీ ఆలోచించకుండా, కనబడింది కనబడినట్టు వేసుకుంటూ పోయాను. వదులైన చర్మం, ఉబ్బిన కణుపులు, బొటనవేలి కింద పాత కాలిన మచ్చ. పెన్సిలు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

రక్తం తీయడం అవగానే అత్తయ్య నా వేలు వదిలేసి, చీర సర్దుకుంది. "పద. నువ్వెందుకలా బిగుసుకుపోయావు? భయపడ్డావా?"

"భయపడింది నేనా అత్తయ్యా?"

"మరెవరు?" అని ముందు నడిచింది.

గడియారం చూస్తే నాలుగింటికి పావుగంటే ఉంది. లైబ్రరీ అదే వీధి చివర. ఆవిడను ఇంట్లో దింపి వచ్చే వ్యవధి లేదు. విషయం చెబితే, "చెయ్యి బొమ్మకి ఇంత హడావుడా!" అని పెదవి విరిచి, అయినా నాతో వచ్చి మెట్లన్నీ ఎక్కింది. మాస్టారు సుత్తి పట్టుకుని వరండాలో ఉన్నారు. అత్తయ్య కుర్చీ చూసుకుని కూర్చుంది.

చెప్పులాయన చెయ్యి చూసి మాస్టారు తల అడ్డంగా ఊపారు. కుక్కరావిడ మణికట్టుకూ అంతే. మూడోది కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు. "ఇదమ్మా చెయ్యంటే" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన చూపుడువేలితో లెక్కపెట్టడం మొదలెట్టారు. "ఒకటి, రెండు, మూడు... ఆరు. ఇన్నాళ్ళూ ఒక్క వేలు వెయ్యలేదు, ఇవాళ కొసరు కూడా వేశారా?"

నేనూ చూశాను. నిజమే, ఆరు. గుప్పిట పైన, బొటనవేలి పక్కన బయటికొచ్చిన నా వేలికొనను కూడా వేసేశాను. నా అరచెయ్యి కాగితం అంచు అవతల ఉండిపోయింది. చూసేవాళ్ళకు అది ఆవిడ చేతిదే.

"అది నా వేలు మాస్టారూ. అత్తయ్య పట్టుకుంది. రక్తం తీస్తున్నప్పుడు."

"తప్పు వేసి తర్వాత కథ అల్లేవాళ్ళను చాలామందిని చూశానమ్మా. గోడకెక్కేది చూసి వేసిందే." ఆయన అత్తయ్య వైపు తిరిగారు. "ఏమండీ, నిజంగా ఈవిడ వేలు పట్టుకున్నారా మీరు?"

వరండాలో క్లాసువాళ్ళందరూ ఉన్నారు. నేను తల దించేసుకున్నాను. ఆవిడేమంటుందో నాకు తెలుసు. నా మేకు పోయినట్టే.

"ఇటివ్వండి" అంది అత్తయ్య. కాగితాన్ని జవాబు పత్రంలా చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూసింది. ఒకసారి తన ఎడమచెయ్యి వంక చూసుకుంది. మళ్ళీ కాగితం చూసింది. గడియారం ముల్లు కదులుతోంది.

"మచ్చ నాదే" అంది చివరికి. తర్వాత లేచి నిలబడి, క్లాసు చివరి బెంచీకి వినబడే గొంతుతో అంది. "పట్టుకున్నాను. సూదంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. ఎవరికీ చెప్పలేదు. వదిలితే పడిపోతాననిపించింది, అందుకని ఈ అమ్మాయి వేలు పట్టుకున్నాను. ఆరోది దానిది. తప్పేం లేదు ఇందులో."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు కూడా. మాస్టారు రెండు చేతులతో కాగితం అందుకుని, పన్నెండో మేకుకు తగిలించడానికి స్టూలెక్కబోయారు.

"అంత ఎత్తునా?" అంది అత్తయ్య. "మేకు కాస్త కిందికి కొట్టండి. పిల్లలకు కూడా కనబడాలి."

మాస్టారు ఆ మేకు పీకి, జానెడు కిందికి కొట్టారు.