ఏడో నంబరు యూజర్

చిట్టి చదివింది మనుషులకు పని సులువు చేసే చదువు. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెర మీద ఏ బటన్ ఎక్కడ ఉండాలి, ఏ మాట ముందు రావాలి, చూసినవాళ్లు తికమక పడకుండా ఏం చేయాలి, ఇవన్నీ ఆలోచించి గీసి చూపించాలి. దాన్ని యూఎక్స్ డిజైన్ అంటారు. ఆ చదువు పూర్తయి తొమ్మిది నెలలైంది. ఈ తొమ్మిది నెలల్లో ఆమె పెట్టిన దరఖాస్తులు నూట నలభై. వచ్చిన జవాబులు పదకొండు. పదకొండూ ఒకే అచ్చులో పోసినట్టు "మీ ప్రతిభ మాకెంతో నచ్చింది, అయినప్పటికీ" అనే మొదలయ్యాయి.

ఈ నెలాఖరులోగా ఉద్యోగం రాకపోతే బాబాయి జిరాక్స్ షాపులో కూర్చోవాలని ఇంట్లో తేల్చేశారు.

"అక్కడ కూడా మెషిన్ ఉంది, దానికీ బటన్లున్నాయి. ఇంకేం కావాలే నీకు?" అన్నాడు బాబాయి. అతను వెక్కిరించడం లేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. అందుకే చిట్టికి ఏడుపొచ్చింది.

ఉద్యోగాలు ఎలా సంపాదించాలో నేర్పే మహానుభావుడొకడు ఆమెకు ఇంటర్నెట్‌లో దొరికాడు. ఆయన ఎక్కడ ఉద్యోగం చేశాడో ఎవరికీ తెలియదు. "గుంపులో కలిసిపోకండి, ప్రత్యేకంగా కనిపించండి" అని రోజూ పొద్దున్నే ఒక చిట్కా చెప్పేవాడు. ఆ చిట్కా నలభై వేల మంది వినేవాళ్లు. నలభై వేల మందీ అదే రోజు, అదే విధంగా ప్రత్యేకంగా తయారయ్యేవాళ్లు.

ఆయన మాట విని చిట్టి తన పనులన్నీ చూపించే వెబ్‌సైట్ ఒకటి, పోర్ట్‌ఫోలియో అంటారు దాన్ని, తయారు చేసింది. అది తెరిస్తే మౌస్ బాణం సీతాకోకచిలుక అయిపోతుంది. ఒక కంపెనీ ఉద్యోగిని పాపం ఓపిగ్గా ఫోన్ చేసి అడిగింది.

"అమ్మా, మీరు చేసిన పని ఎక్కడుందో కనబడట్లేదు."

"పువ్వు మీద మూడుసార్లు నొక్కాలండీ."

"ఏ పువ్వు?"

"అది కనిపించదండీ. వెతుక్కుంటే దొరుకుతుంది. అదే దాని ప్రత్యేకత."

అవతల కాసేపు ఊపిరి వినిపించింది. తర్వాత అదీ వినిపించలేదు.

అయినా చిట్టి తగ్గలేదు. మహానుభావుడి తర్వాతి చిట్కా, ఏ డిజైన్ గీసినా కనీసం పన్నెండు మంది వాడుకదారులతో మాట్లాడి ఉండాలని. వాళ్లను ఈ రంగంలో యూజర్లు అంటారు. చిట్టికి కొత్తవాళ్లతో మాట్లాడాలంటే చచ్చేంత సిగ్గు. కొళాయి బాగుచేసేవాడికి ఫోన్ చేయాలన్నా అద్దం ముందు మూడుసార్లు సాధన చేసే రకం. అలాంటిది పన్నెండు మందినా? అందుకని పన్నెండు మందినీ కూర్చున్నచోటే పుట్టించింది. తలా ఒక వయసు, ఒక ఉద్యోగం, ఒక బాధ పంచింది. తలా ఒక ఫోటో ఇంటర్నెట్ నుంచి తెచ్చి అతికించింది. తమ బాధలు పక్కనే రాసి ఉన్నా పన్నెండు మందీ పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు.

ఆమె గీసింది క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు రాసుకునే తెర. ఏడో నంబరు యూజర్ గురించి ఇలా రాసింది: "నలభై ఎనిమిదేళ్లు. క్లినిక్ కౌంటర్‌లో ఉద్యోగం. కొత్త టెక్నాలజీ అంటే ఉత్సాహం. మొక్కలంటే ప్రాణం."

చిట్టి మేనత్త అదే ఇంట్లో పై వాటాలో ఉంటుంది. పద్నాలుగేళ్లుగా పళ్ల డాక్టరు క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుని అపాయింట్‌మెంట్లు రాసేది ఆవిడే. ఆవిణ్ని ఒక్క ప్రశ్న అడగాలని చిట్టికి తోచలేదు. యూజర్ అంటే ఎక్కడో ఉండే మనిషి గానీ, మెట్లు దిగి వచ్చి పంచదార అప్పడిగే మనిషి ఎలా అవుతుంది?

నెల ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా, ఆమె పంపిన ఆ డిజైన్ చూసి, ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ ఒకటి ఉత్తరం పంపింది. "మీరు పన్నెండు మందితో మాట్లాడిన తీరు మాకు నచ్చింది. చివరి ఇంటర్వ్యూకు ఆ పన్నెండు మందిలో ఎవరినైనా ఒకరిని వెంట తీసుకురండి. మీ తెరను వాళ్లు వాడతారు, మేం చూస్తాం."

చిట్టి ఫోటోలను వెంటబెట్టుకుని వెళ్లలేదు కదా. ఆ సాయంత్రమే మెట్లెక్కి అత్త కాళ్ల దగ్గర కూలబడింది.

"అత్తా, ఒక్క గంట నువ్వు ఏడో నంబరు కావాలి."

"ఏడో నంబరేంటే? మిగతా ఆరుగురెవరు?"

చిట్టి నిజం చెప్పేసింది. అత్త ముక్కున వేలేసుకుంది.

"పన్నెండు మందినీ నువ్వే కన్నావా! నీ వయసులో నేను ఇద్దరికే అలిసిపోయానే."

"నవ్వకత్తా. నువ్వు రాకపోతే నేను బాబాయి షాపుకే. అక్కడ కూర్చుని 'చాలా సులువుగా ఉంది' అను, చాలు. ఇంకేం మాట్లాడకు."

"పద్నాలుగేళ్లుగా మాట్లాడితేనే జీతం ఇస్తున్నారు నాకు. సరే, వస్తాలే. ఇంతకీ ఆ ఏడో ఆవిడ ఎలాంటిదో చెప్పు."

"నీకు మొక్కలంటే ప్రాణం."

"నాకా? ఆ ఎండిపోయిన పూలకుండీ మొహం చూసి మాట్లాడవే."

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు. ఒకాయనకు దళసరి కళ్లజోడు, ఒకావిడకు పొట్టి జుట్టు. గోడ నిండా రంగురంగుల చీటీలు. ఆవిడే నియమం చెప్పింది. యూజర్ తెర వాడుతున్నంతసేపు, పది నిమిషాలపాటు, గీసినవాళ్లు నోరు తెరవకూడదు. సాయం చేయకూడదు. సైగ కూడా చేయకూడదు.

"వాళ్లకి అర్థం కాకపోతే అది వాళ్ల తప్పు కాదు, మీ తప్పు. అది కళ్లారా చూడాలి మీరు" అంది.

సిగ్గరి చిట్టికి నోరు మూసుకోవడం పుట్టుకతో వచ్చిన విద్య. బతికాననుకుంది. అత్త కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకా మౌస్ ముట్టుకోకముందే, "చాలా సులువుగా ఉందండీ" అనేసింది.

"సంతోషం. ఇప్పుడు నేను మీ క్లినిక్‌కి ఫోన్ చేశాను" అన్నాడు కళ్లజోడాయన, చేతిని చెవికి ఆనించుకుని. "హలో, పన్ను నొప్పండీ. ఇవాళే చూపించుకోవాలి."

అత్త తెర వంక చూసింది. లేత నీలం మీద ఇంకా లేత నీలం. కళ్లు చిట్లించింది. మౌస్ అటూ ఇటూ తిప్పింది. ఎక్కడో నొక్కితే శుభాకాంక్షలు చెబుతూ ఒక పిచ్చుక ఎగిరిపోయింది.

"ఒక్క నిమిషం బాబూ, లైన్లో ఉండండి" అంది అత్త, పద్నాలుగేళ్ల అలవాటు కొద్దీ. ఆ నిమిషం రెండైంది, మూడైంది. చిట్టికి కుర్చీలో ముళ్లున్నట్టుంది. నాలుగో నిమిషంలో పుట్టుకతో వచ్చిన విద్య కాస్తా ఎగిరిపోయింది.

"పైన అత్తా! కుడివైపు మూల! ఆ చుక్క!"

పొట్టి జుట్టావిడ కాగితం మీద ఏదో రాసుకుంది.

"చుక్కా? నేను తెర మీద మరకనుకున్నానే!" అని అత్త మౌస్ వదిలేసి కుర్చీ వెనక్కి జరిపింది. "చూడండి బాబూ, దీంతో అయ్యే పని కాదు. నొప్పితో ఫోన్ చేసినవాణ్ని ఇది ముందు ఈమెయిల్ అడగమంటోంది. దవడ వాచినవాడు ఈమెయిల్ చెప్తాడా? ముందు వాపుందా అని అడగాలి. వాపుంటే పొద్దున్నే రమ్మంటాను, లేకపోతే సాయంత్రం. పేరు తర్వాత రాసుకోవచ్చు, మనిషెక్కడికీ పోడు."

కళ్లజోడాయన చెవి దగ్గరి చెయ్యి దించేశాడు. "ఇంకా చెప్పండి" అన్నాడు. అత్త చెప్పింది. కాఫీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. గంటన్నర చెప్పింది. చిట్టి ఆ గదిలో ఉన్నట్టు కాఫీ తెచ్చినవాడికి కూడా గుర్తులేదు. మూడే కప్పులు తెచ్చి, మూడోది అత్తకిచ్చి వెళ్లిపోయాడు.

మూడో రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి. చిట్టికొచ్చినది "మీ ప్రతిభ మాకెంతో నచ్చింది" అని మొదలైంది. అత్తకొచ్చినది వారానికి రెండు రోజులు సలహాదారుగా రమ్మని. చేరడానికి వాళ్ల వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపితే చాలట.

చిట్టి తన ఉత్తరం తలగడ కింద పెట్టి దాని మీద పడుకుంది. మర్నాడు పై నుంచి కేక వినిపించింది.

"ఏమే చిట్టీ, ఇలా రా. ఇది నన్ను ముందుకి పోనివ్వట్లేదు!"

చిట్టి అత్త మీద కోపంతోనే వెళ్లింది. సాయం చేయకూడదనే పక్కన కూర్చుంది. అంతే, ఉక్రోషం కొద్దీ నోరు కట్టేసుకుని చూసింది. మంచి తెరలు ఎలా గీయాలో లోకానికి చెప్పే కంపెనీ వాళ్ల ఫారం అది. "మీ పోర్ట్‌ఫోలియో లింక్ ఇవ్వండి" అని ఎర్రగా అరుస్తోంది. ఇవ్వకపోతే కదలదు. అనుభవం ఎన్నేళ్లంటే జాబితా పదితోనే ఆగిపోయింది.

"మిగతా నాలుగేళ్లూ నేనేం చేశానట, నిద్రపోయానా?" అంది అత్త. వెనక్కి నొక్కింది. రాసినదంతా ఎగిరిపోయింది. అత్త ఆ ఫారం గీసినవాణ్ని ఏడు తరాలు తిట్టింది.

చిట్టి చేతిలో పెన్ను ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. అత్త ఆగిన ప్రతిచోటా, తిట్టిన ప్రతి తిట్టూ వరసగా రాసింది. మొత్తం పంతొమ్మిది. సీతాకోకచిలుకలు పెట్టలేదు, రంగులేయలేదు, తన గొప్ప ఒక్క ముక్క రాయలేదు. "మీ ఫారంతో మా అత్త నలభై నిమిషాలు" అని పైన పెట్టి, తిట్లతో సహా కళ్లజోడాయనకు పంపేసింది. పంపాక భయమేసి ఫోన్ ఆపేసింది.

ఆయన అత్తకు ఫోన్ చేశాడు.

"ఆ తిట్లన్నీ మీవేనాండీ?"

"నావే బాబూ. రాసింది మాత్రం మా పిల్ల. మీరు వద్దన్నారే, ఆ పిల్ల."

"సోమవారం నుంచి రమ్మనండి. మూడు నెలలు చూస్తాం. ముందు ఆ ఫారం బాగుచేయాలి."

అలా చిట్టి జిరాక్స్ షాపు తప్పించుకుంది. అయితే ఫారం బాగయ్యేదాకా అత్తను చేర్చుకోవడానికి కంపెనీకి వేరే దారి లేదట. వారమైంది, మూడు వారాలైంది. చిట్టి మెడలో కంపెనీ కార్డు వేసుకుని సాయంత్రం ఇంటికి రాగానే అత్త మెట్ల మీదే ఎదురొచ్చి అడుగుతుంది.

"అయిందా?"

"ఇంకా రీసెర్చ్ జరుగుతోందత్తా."

"దేని మీద?"

"జనం ఎక్కడ తికమక పడుతున్నారో తెలుసుకోవాలి కదా."

"నేను చెప్పాను కదే! పంతొమ్మిదీ రాసుకున్నావు కూడా."

"అలా ఒక్క మనిషి చెబితే సరిపోదత్తా," అంది చిట్టి కార్డు సర్దుకుంటూ, "దానికో ప్రాసెస్ ఉంటుంది."