నాకు తెలిసిన ఒకాయన

టైలరుకి చూపు తగ్గిపోతోందన్న సంగతి దేవుడికొక్కడికే తెలుసని టైలరు గట్టి నమ్మకం. పోనీ ఆ దేవుడికైనా నేరుగా చెప్పాడా అంటే, అదీ లేదు. అక్కడా చుట్టూ తిప్పే చెప్పాడు మహానుభావుడు.

బస్సు డ్రైవరు ఇంటి మేడ మీద గదిలో వారానికోసారి సాయంత్రం ప్రార్థన కూడిక జరుగుతుంది. గట్టిగా తుమ్మితే ఎదుటివాళ్ళ బైబిల్లో పేజీ తిరిగిపోయేంత గది. పాస్టరు గారు, డ్రైవరు, ఆయన భార్య, ఆసుపత్రిలోనూ కూడికలోనూ సిస్టరనే పిలిపించుకునే నర్సమ్మ, ఇంకో నలుగురైదుగురు వస్తారు. భార్య పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడలేక టైలరు కూడా రావడం మొదలుపెట్టాడు. గుమ్మం పక్కన చివరి కుర్చీలో కూర్చుంటాడు, ఆమెన్ అనగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టేస్తాడు. టీ తాగి వెళ్ళమని డ్రైవరు భార్య ఎంత బతిమాలినా, "పనుందమ్మా" అంటాడు. ఏం పని? ఇంటికెళ్ళి ఆ గోడల్నే చూస్తూ కూర్చోవడం.

కూడిక చివర్లో ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకుంటారు, మిగతావాళ్ళు దానికోసం ప్రార్థన చేస్తారు. డ్రైవరు తన నడుం నొప్పి చెబుతాడు, నర్సమ్మ చదవని కొడుకు గురించి చెబుతుంది. టైలరు వంతు వస్తే మాత్రం, "నాకేం లోటండీ, దేవుడి దయ!"

అలాంటివాడికి సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. ముందు సూదిని తిట్టాడు, తర్వాత దారాన్ని, ఆ తర్వాత బల్బుని తిట్టి మార్చేశాడు. కళ్ళ వంతు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. కళ్ళజోడు మార్చినా లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలాగే ఉంది. ఆపరేషను అన్న మాటకే ఒళ్ళంతా చెమట్లు. బయటికి తెలిస్తే, చూపు లేని టైలరుకి గుడ్డ ఎవరిస్తారు? కుట్టుపని పోతే ఇక మిగిలేవి ఆ నాలుగు గోడలే. ఆ భయానికి అన్నం సయించడం మానేసింది.

చివరికి ఒక సాయంత్రం గొంతు సవరించుకున్నాడు. "నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడండీ. చూపు ఆనడం లేదట. ఆపరేషనంటే భయమట. ఆయన కోసం కాస్త ప్రార్థన చేయండి."

"పేరేంటి?" అన్నారు పాస్టరు గారు.

"పేరు చెప్పొద్దన్నాడండీ. మొహమాటస్తుడు."

"ఏం పని చేస్తుంటాడు?" డ్రైవరు ఆరా.

టైలరు గుమ్మం దగ్గరున్న చెప్పుల వైపు చూశాడు. "ఏదో... చేతిపని."

నర్సమ్మకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది.

ఇక చూడండి, ఆ ఒకాయన మీద కూడికలో అందరికీ ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. డ్రైవరు భార్య ఆయనకోసమని ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చేది. టైలరు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి ఆయన తరఫున తనే తాగేవాడు.

"ఆపరేషను అరగంట పని, నేను పక్కనే ఉంటానని చెప్పండి అన్నయ్యా" అనేది నర్సమ్మ.

"చెప్తానమ్మా."

మరుసటి వారం వదిలేదా? "ఏమన్నాడు అన్నయ్యా?"

"ఆలోచించుకుంటానన్నాడమ్మా."

ఈలోగా విచిత్రంగా కొట్టుకి బేరాలు పెరిగాయి. పాస్టరు గారు చొక్కా గుడ్డ తెచ్చారు, డ్రైవరు యూనిఫాం ఇచ్చాడు, నర్సమ్మ మునుపటిది చాలక ఇంకో తెల్లకోటు కుట్టమంది. చూపు మసకబారే కొద్దీ బేరాలు పెరగడమేమిటని ఒక్క క్షణమైనా అనుమానం రావద్దూ? రాలేదు. అంతా తన పనితనమనుకుని మీసం కూడా దువ్వుకున్నాడు.

ఒక వారం పాస్టరు గారు గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఒకాయన ఇక్కడికి రాలేదు కదా, ఆయన బదులు నేను కూర్చుంటాను. అందరూ నా మీద చేతులుంచండి. టైలరు గారూ, ఆయన్ని ఎరిగినవారు మీరే. మీరే ప్రార్థన చేయాలి."

టైలరు వచ్చి పాస్టరు గారి భుజం మీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా, ఆ ఒకాయనని..."

అక్కడ ఆగిపోయాడు. కళ్ళు మొరాయించినా వేళ్ళు ఇంకా పనిలోనే ఉన్నాయి. భుజం కుట్టు తిన్నగా రాకుండా మెడ వైపు వెళ్ళి, అక్కడ పనేం లేనట్టు వెనక్కి తిరిగింది. కాలరు ఒక పక్క మీదికి, ఒక పక్క కిందికి ఉంది. ఎవరి కుట్టో వేళ్ళకి వెంటనే తెలిసిపోయింది. మెల్లిగా రెండో చేత్తో పక్కనున్న డ్రైవరు చెయ్యి తడిమాడు. యూనిఫాం చొక్కా చెయ్యి రెండు మడతలు పెట్టి ఉంది. విప్పితే బెత్తెడు పొడుగు.

అయ్యో, ఇవి వేసుకుని వీధుల్లో తిరిగారు! పాస్టరు గారు ఈ చొక్కాతోనే ఆదివారం సంఘం ముందు నిలబడి వాక్యం చెప్పారు. ఒక్కరంటే ఒక్కరు పల్లెత్తు మాట అనలేదు. పైగా మళ్ళీ మళ్ళీ గుడ్డలు తెచ్చి ఇచ్చారు.

టైలరుకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆ వెనకే, భార్య పోయాక ఎవరి మీదా పుట్టనంత ఇష్టం ఈ వంకర చొక్కాల వాళ్ళ మీద ముంచుకొచ్చింది.

"పాస్టరు గారూ, లేవండి" అన్నాడు.

"ప్రార్థన మధ్యలోనా?"

"లేవండీ. ఆ కుర్చీ నాది."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. డ్రైవరు భార్య మాత్రం "అమ్మయ్య!" అని పైకే అనేసింది. టైలరు కూర్చున్నాడు. తల మీద, భుజాల మీద, వీపు మీద ఎన్ని చేతులో. "ప్రభువా, నాకు కనిపించడం లేదు. చాలా భయంగా ఉంది" అన్నాడు. అంత తిన్నగా ఆయన దేవుడితో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆమెన్ అయ్యాక చెప్పుల వైపు వెళ్ళలేదు. టీ గ్లాసు పట్టుకుని, "ఎప్పట్నుంచి తెలుసమ్మా?" అని నర్సమ్మని అడిగాడు.

"నా కోటుకి జేబు లోపలివైపు కుట్టినప్పటి నుంచి అన్నయ్యా."

"మరి నాతో చెప్పొద్దూ?"

"బాగుంది! మీరేమో ఎవరో ఒకాయన అంటిరి. మీతో ఏమని చెప్తాం?"

డ్రైవరు సెలవు పెట్టి మరీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, నర్సమ్మ అన్న ప్రకారం పక్కనే నిలబడింది. కట్టు విప్పిన రోజు మంచం చుట్టూ అందరూ చేరారు. టైలరు కళ్ళు చికిలించి, మొట్టమొదట పాస్టరు గారి కాలరు చూశాడు.

"అయ్య బాబోయ్! విప్పండి! ముందు ఆ చొక్కా విప్పి నాకివ్వండి, కుట్లన్నీ ఊడదీసి మళ్ళీ కుడతాను!"

పాస్టరు గారు కాలరు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు. "ఇవ్వను. ఇది నాకు తెలిసిన ఒకాయన కుట్టాడండీ."

కళ్ళలో నీళ్ళు రాకూడదు అన్నయ్యా అని నర్సమ్మ కేకలేస్తూనే ఉంది, వినేదెవరు?