అబ్బులు గుర్రుమన్న రోజు

అబ్బులు అంటే మనిషి కాదు, కుక్క. సత్యనారాయణరాజు గారి ఇంట్లో పసిపిల్లల్ని కూడా గారు తగిలించే పిలుస్తారు కాబట్టి, వీధిలో వాళ్ళు వేళాకోళానికి గేటు బయట నిలబడి "అబ్బులుగారు కట్టేసి ఉన్నారాండి?" అని అడిగేవారు. రెండేళ్ళ కిందట కడియం నుంచి పూలకుండీలు తెచ్చిన లారీలో, కుండీల సందున వణుకుతూ దిగిన పిల్ల. ఆ వణుకు పోలేదు. పళ్ళు మాత్రం పెరిగాయి.

ఇప్పటికి రెండు కాట్లయ్యాయి. మొదటిసారి మీటరు చూడటానికొచ్చిన అనిల్ కుమార్ పిక్క పట్టుకుంది. రెండోసారి, ఇంట్లో పనిచేసే లోవలక్ష్మి అన్నం పెట్టబోతే మణికట్టు పట్టుకుంది. కుక్కకి టీకాలన్నీ వేయించినా ఆ ఇద్దరికీ సూదుల మీద సూదులు తప్పలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక సత్యనారాయణరాజు గారు చెప్పులైనా విప్పకుండా భార్య అలివేలుమంగతో అన్నారు.

"మంగా, మూడో మనిషిని కరిచిందంటే చెరువు గట్టుకి పంపేస్తాను. అప్పుడు నన్ను బతిమాలద్దు."

చెరువు గట్టంటే ఆకివీడు అవతల వాళ్ళ చేపల చెరువు. అక్కడ షెడ్డు ముందు కొబ్బరిమానుకి గొలుసు ఉంటుంది. ఇంతకుముందున్న కుక్కని అలాగే పంపారు. ట్రాలీ ఆటోలో నిలబడి, మలుపు తిరిగేదాకా అది ఇంటివైపే చూసింది. ఆ వానాకాలం దాటలేదు. "పామండి," అన్నాడు కాపలా బుల్లియ్య, అంతకన్నా చెప్పడానికేమీ లేనట్టు.

అలా వెనక్కి చూస్తూ వెళ్ళేవాళ్ళని చూడటం అలివేలుమంగ వల్ల కాదు. ఏడేళ్ళ చెల్లెల్ని జంగారెడ్డిగూడెంలో పిల్లల్లేని మేనత్తకి పెంపకానికిచ్చినప్పుడు, ఆ పిల్ల బస్సు కిటికీలోంచి అలాగే చూసింది. సెలవలకి వస్తుందిలే అన్నారు. చాలా ఏళ్ళకి ఎవరో పట్టుచీర కట్టుకున్నావిడ వచ్చి "బాగున్నారా అక్కయ్యగారూ" అంది. ఆ పిల్ల మాత్రం మళ్ళీ రాలేదు.

అందుకని ఆమెకి కుక్కంటే భయం, కుక్క పోతుందంటే ఇంకా భయం. పొద్దుట్నుంచి సాయంత్రందాకా గేటు గడియ వైపు ఎన్నిసార్లు చూసేదో లెక్కలేదు. చెట్టుమీంచి కొబ్బరాకు రాలినా గేటు దగ్గరికి పరుగెత్తేది.

పశువుల డాక్టరుగారే మంజుష అనే అమ్మాయి నంబరిచ్చారు. భీమవరంలో ఉంటుందట, కరిచే కుక్కల్ని బాగుచేస్తుందట, కొట్టకుండా, తిట్టకుండా.

"కుక్కకి ట్యూషనా!" అని నవ్వారు రాజుగారు. "ఇంతకీ ఏ క్లాసులో చేరుస్తున్నావేంటి?"

మంజుష స్కూటీ మీద వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. గేటు బయటే నిలబడి, అబ్బులు వైపు చూడకుండా పక్కకి తిరిగి, సంచిలోంచి ఎండు రొయ్యలు తీసి ఒక్కొక్కటే లోపలికి విసిరింది. అబ్బులు దూరంగా ఆగి, రొయ్యని చూసి, ఆ అమ్మాయిని చూసి, మూతి నాక్కున్నాడు.

ఎండ మండిపోతోంది. అలివేలుమంగకి సిగ్గేసింది. "అయ్యయ్యో, ఎండలో నిలబెట్టేశాను. లోపలికి రండమ్మా, నేను మెడపట్టీ పట్టుకుంటాను. ఏమీ చేయడు," అంటూ కుక్కని పట్టుకోబోయింది.

"పట్టుకోకండి ఆంటీ!" మంజుష చెయ్యెత్తింది, గొంతు మాత్రం పెంచలేదు. "వచ్చినవాళ్ళందరితో ఇలాగే అంటారా?"

"అనకపోతే ఎలాగమ్మా? వాకిట్లో నిలబెట్టి మాట్లాడితే ఏమనుకుంటారు?"

"మరి అబ్బులు ఏమనుకుంటాడు? పారిపోదామంటే మెడ మీరు పట్టుకున్నారు. భయపెట్టే మనిషి మీదకొచ్చేస్తున్నాడు. వాడికిక మిగిలింది నోరే."

అలివేలుమంగ చెయ్యి వెనక్కి తీసుకుంది. అనిల్ కుమార్ వచ్చినప్పుడు ఆమె చేసింది అదే. మెడపట్టీ పట్టుకుని, "రండి బాబూ, ఏమీ చేయడు" అంది.

"కరిచే ముందు గుర్రుమంటాడా?" అడిగింది మంజుష.

"లేదండి. చిన్నప్పుడు అనేవాడు. మావారు పేపరు చుట్టి మూతిమీద నాలుగేశారు. అప్పట్నుంచి మానేశాడు." ఆ మాట కాస్త గర్వంగానే చెప్పింది.

మంజుష చేతిలో రొయ్యని మళ్ళీ సంచిలో వేసేసింది. తర్వాత మెల్లిగా, "వాడికున్న మాట అదొక్కటే ఆంటీ. వద్దు, దగ్గరికి రావద్దు అని చెప్పుకునేవాడు. ఆ మాట కొట్టి మాన్పించారు. ఇప్పుడు చెప్పకుండా కరుస్తున్నాడు," అంది.

ఆ రోజు అలివేలుమంగకి అన్నం సయించలేదు.

పాఠాలు మొదలయ్యాయి. పాఠాలు కుక్కకనుకుంది గానీ, సగం తనకే. మూతి నాక్కోవడం, ఆకలీ నిద్రా లేకుండానే ఆవలించడం, తల పక్కకి తిప్పేసి కంటి తెల్లగుడ్డుతో చూడటం, ఉన్నట్టుండి కొయ్యలా బిగుసుకుపోవడం, ఇవన్నీ గుర్తుపట్టడం నేర్చుకుంది. ఎడ్ల మూతికి కట్టే చిక్కంలాంటి బుట్టొకటి మంజుష తెచ్చింది. దాన్ని తొడగకూడదట, లోపల కోడి కార్జం ముక్కలు పెట్టి, కుక్క తనంతట తనే మూతి పెట్టేదాకా పట్టుకుని కూర్చోవాలట. పదకొండు రోజులు కూర్చుంది. పన్నెండో రోజు అబ్బులు మూతి పెట్టాడు. "వెనక గదిలోకి" అని తను ముందు నడిస్తే, వెంట రావడం కూడా నేర్చాడు. చెయ్యి వెయ్యకూడదు, లాగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు.

ఒక్కటే ఆమె వల్ల కాలేదు. "ఎవరొచ్చినా, ఎంత పెద్దవాళ్ళొచ్చినా, గేటు దగ్గర ఆగమని చెప్పండి. అబ్బులు గదిలోకి వెళ్ళాకే తలుపు తీయండి," అనేది మంజుష. సరేననేది. తీరా ఎవరైనా వస్తే నోటికి ముందు "రండి" వచ్చేసేది. అప్పటిదాకా వచ్చినవాళ్ళు ఇరుగుపొరుగువాళ్ళు, కుక్క సంగతి తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళంతట వాళ్ళే ఆగేవారు.

నెల తిరిగాక ఒకరోజు, గేటు మీంచి తొంగిచూసిన కూరలబండి వాణ్ణి చూసి అబ్బులు గొంతులో సన్నగా గుర్రుమన్నాడు. ఆమె లోపలికి పరుగెత్తి మంజుషకి ఫోన్ చేసింది.

"గుర్రుమన్నాడా? ఎంత మంచి కబురు చెప్పారాంటీ!" అంది మంజుష. ఈ పిల్లకి మతిగాని పోయిందా అనుకుంది అలివేలుమంగ.

ఆ తర్వాతి వారం చెరువు దగ్గర చేపల పట్టుబడి. తెల్లారకుండానే వలలవాళ్ళతో రాజుగారు వెళ్ళిపోయారు. లోవలక్ష్మి పని ముగించుకుని వెళ్ళింది. పది దాటింది. అబ్బులు వరండాలో పడుకుని ఉన్నాడు, మూతికి బుట్ట లేదు.

గేటు దగ్గర కారాగింది. దిగినాయన్ని చూసి అలివేలుమంగ పైట భుజం మీదుగా లాక్కుని లేచి నిలబడింది. బావగారు, రాజుగారి అన్నగారు భాస్కరరామరాజు గారు. చేతిలో వెండి పళ్ళెం, అందులో పసుపు అద్దిన శుభలేఖలు. మనవరాలి పెళ్ళి. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఎదుట ఆమె కుర్చీలో కూర్చోలేదు. ఆయన వస్తే తలుపు చాటు నుంచే మాట్లాడేది.

"రండి బావగారూ..." అనేసింది.

అనేశాక చూసింది. అబ్బులు లేచి ఉన్నాడు. మూతి నాక్కున్నాడు. తల పక్కకి తిప్పేసుకుని, తెల్లగుడ్డుతో గేటునే చూస్తున్నాడు. తోక కూడా కదలట్లేదు.

"తమ్ముడు లేడా అమ్మా? సరే, శుభలేఖకి మీరు చాలు లెండి." ఆయన గడియ తీసి, కుడిచెయ్యి లోపలికి చాపారు. "ఏరా, నువ్వేనా అబ్బులుగారు? నాకు కుక్కలు కొత్తకాదులే. ఇలా రా."

అప్పుడు గుర్రుమన్నాడు. సన్నగా కాదు, కడుపులోంచి.

ఇంకొక్క అడుగు. ఆ అడుగు పడితే ట్రాలీ ఆటో, ఆ మలుపు, గొలుసు. శుభలేఖ తెచ్చిన పెద్దాయన్ని ఆపితే ఆ ఇంటితో రాకపోకలే తెగిపోవచ్చు. రెండూ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి.

"ఆగండి!" తన గొంతు తనకే తెలియలేదు. "లోపలికి రావద్దు! చెయ్యి తీసేయండి బావగారూ, చెయ్యి తీసేయండి!"

వీధి చివర ఎవరో తలుపు తీసిన చప్పుడైంది. ఆయన మొహం ఎర్రబడింది.

"శుభలేఖ పట్టుకొచ్చిన మనిషిని గేటులో నిలబెట్టేస్తారేంటమ్మా? కుక్కని రెండు తగిలిస్తే ఊరుకుంటుంది. ఏదీ ఆ కర్ర?"

"వద్దండి. అక్కడే ఉండండి. దండం పెడతాను."

కుక్కకీ ఆయనకీ మధ్యగా నడిచింది. భయపడ్డ కుక్క ఎదురుగా ఎవరుంటే వాళ్ళని కరవచ్చని మంజుష చెప్పింది. మెడపట్టీ వైపు చెయ్యి వెళ్ళబోతే గుప్పిట బిగించి ఆపుకుంది. "అబ్బులూ, వెనక గదిలోకి," అని తిరిగి నడిచింది. బావగారికి వీపు చూపించడం అదే మొదటిసారి. వెనకాల చప్పుడు లేదు. వరండా దాటింది, హాలు దాటింది. వస్తున్నాడా, గేటు మీదకి దూకాడా? తిరిగి చూస్తే పాడైపోతుంది. వంటింటి గడప దగ్గర, గచ్చు మీద గోళ్ళ చప్పుడు వినిపించింది.

గది తలుపేసి గడియ పెట్టింది. తర్వాత గ్లాసులో మంచినీళ్ళు పోసుకుని పరుగున వచ్చింది. కారు లేదు. గేటు స్తంభం మీద శుభలేఖ ఒక్కటి ఉంది. బొట్టు లేదు, పిలుపు లేదు.

సాయంత్రం రాజుగారు ఇంటికి రాకముందే ఆయనకి ఫోన్లు వెళ్ళిపోయాయి. ఆయన వరండాలోనే నిలబడ్డారు.

"బుల్లియ్యకి చెప్పాను. రేపు సాయంత్రం ఆటో తెస్తాడు."

"కరవలేదండి."

"అన్నయ్యగారిని వీధిలో నిలబెట్టి అరిచావంట!"

"అరిచింది నేనండి. మీరన్నది కుక్క కరిస్తే అని. కరవలేదు." ఇంత మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. చేతులు కొంగులో దాచుకుంది.

ఆయన చెప్పులు విప్పి పక్కకి పెట్టారు. "పొద్దున్నే పద. ఏం చెప్తావో అన్నయ్యగారికే చెప్పు. ఆయన సరేనంటే సరే. లేదంటే ఆటో వస్తుంది."

పొద్దున బావగారి వరండాలో ఆమె స్తంభం పక్కన నిలబడింది. ఆయన పేపరు మడవలేదు, తలెత్తలేదు. భర్త క్షమించమన్నా ఊఁ అనలేదు. చివరికి కళ్ళజోడు తీసి అన్నారు.

"మీ కుక్క కరవలేదమ్మా. మీరు కరిచారు."

"అవునండి," అంది. కన్నీళ్ళొచ్చాయి గానీ మాట ఆగలేదు. "మిమ్మల్ని కరిస్తే దాన్ని పంపేస్తారండి. మీకు మర్యాద చెయ్యాలో, మీ చెయ్యి కాపాడాలో తెలియక అరిచేశాను. మర్యాద చేసి ఇప్పటికే ఒకర్ని ఆసుపత్రికి పంపానండి."

"ఇంతకీ నేను లోపలికి వచ్చుంటే కరిచేదా?"

ఏమీ చేయదండి అనడం చాలా తేలిక. "కరిచేదండి," అంది.

"నాతో కుక్కలన్నీ బాగానే ఉంటాయే."

"కరిచేదండి బావగారూ. నాకు తెలుసు. అది మీకు చెప్పింది కూడా."

ఆయన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నారు. అరచెయ్యి చూసుకుని, వేళ్ళు ముడుచుకుని, ఆ చేతిని మెల్లిగా ఒళ్ళోకి తీసుకున్నారు. లోపలికి తిరిగి, "ఎవరక్కడ, మంగమ్మగారికి బొట్టు పెట్టి శుభలేఖ ఇవ్వండి," అన్నారు. ఆమెతో ఇంకేమీ మాట్లాడలేదు. కాఫీ కూడా భర్త ఒక్కరికే వచ్చింది.

కారెక్కాక రాజుగారు బుల్లియ్యకి ఫోన్ చేశారు. "ఆటో వద్దులేరా," అని పెట్టేశారు.

దారంతా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పెళ్ళినాటికి ఆ ఇంటి ఆడవాళ్ళు తనతో మాట్లాడతారో లేదో. రేపు గేటు దగ్గరికి ఇంకెవరొస్తారో.

"మంగా," అన్నారు రాజుగారు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "ఆ అమ్మాయి మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"గురువారం అండి."

"నేనుంటాను. ఎక్కడ నిలబడాలో నాకూ చెప్పమను."