నాలుగు మెట్లు

మధ్యాహ్నం షిఫ్టు దిగి ఒంటరిగా వస్తున్న మిల్లు పిల్ల చేతిలోంచి కాంట్రాక్టర్ మనుషులు నలుగురు టిఫిన్ క్యారియర్ లాక్కున్నారు. బంతిలా ఒకరికొకరు విసురుకున్నారు. ఆ పిల్ల ఏడుస్తూ గిన్నెల వెంట పరుగెత్తింది. వీధి వీధంతా కిటికీల వెనక నిలబడి చూసింది.

తలుపు తీసుకుని బయటికొచ్చింది టైలరత్త ఒక్కతే. వాళ్లు చేరింది ఆవిడ గుమ్మం ముందు నాలుగు మెట్ల మీదే.

"సిగ్గు లేదట్రా? ఇచ్చెయ్యండి!"

ఇచ్చారు. మూతమీద ఉమ్మి మరీ ఇచ్చారు.

ఆ రోజు నుంచి ఆ మెట్లు వాళ్లవైపోయాయి. పొద్దున్నే సీసాలు, పగలంతా చెవులు చిల్లులు పడే పాటలు, గోడకు ఉచ్చ. వాళ్లను దాటుకుని బట్టలివ్వడానికి ఎవరొస్తారు? ఎదురింటి పోస్టుమాన్ బాబాయ్ పెరటి దారిన వచ్చి, ఒక చెయ్యి అతకని చొక్కా అలాగే పట్టుకుపోయాడు.

"కుట్టింది చాల్లేమ్మా" అన్నాడు, మొహం చూడకుండా.

భర్త పోయినప్పుడు కూడా అత్తకు ఇంత ఒంటరితనం తెలియలేదు. అప్పుడు పలకరించడానికి మనుషులొచ్చారు. ఇప్పుడు దగ్గితే వినబడేంత దగ్గర్లో ఉండీ లేనట్టే ఉన్నారు. చప్పుడు కోసం ఖాళీ మిషన్ తొక్కుతూ కూర్చునేది.

స్టేషన్‌కు వెళితే ఎస్సై నవ్వాడు. "కుర్రాళ్లమ్మా, సర్దుకుపోవాలి. లేదంటే ఇల్లు అమ్మెయ్. కాంట్రాక్టర్ గారు కొంటారట."

ఆ సాయంత్రం మిల్లు పిల్ల తన పెద్దమ్మను వెంటబెట్టుకుని పెరట్లోంచి వచ్చింది. ముప్పై ఏళ్లుగా అదే మిల్లులో పనిచేస్తున్న మనిషి ఆ పెద్దమ్మ. ఎస్సై మాట వినగానే తొడ చరిచింది.

"అదీ సంగతి! వాళ్లు ఉత్త పోకిరీలు కాదే, కూలికి పెట్టుకున్న పోకిరీలు. వీధి నరకమైతే మనం కారుచౌకగా అమ్ముకుని పోతాం. వాడు షాపులు కట్టుకుంటాడు."

మర్నాడు అత్త వంటగదిలో మిల్లు వాళ్లు పదిమంది ఇరుక్కుని కూర్చున్నారు. పోస్టుమాన్ బాబాయ్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నీళ్లలో ఉండి మొసలితో పగెందుకర్రా?"

"ఇవాళ ఈవిడ మెట్లు. రేపు నీవి. అప్పుడెటు పోతావన్నా?" అంది పెద్దమ్మ.

ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి రోజు షిఫ్టు దిగిన నలభై మంది ఇళ్లకు పోలేదు. నేరుగా వచ్చి, ఆ నలుగురి పక్కన, ముందు, వెనక, మెట్లు నిండి రోడ్డు మీదికి పొంగేలా కూర్చున్నారు. ఊపిరాడక నలుగురూ లేచారు. ఒకడు సీసా ఎత్తాడు.

"కొట్టరా" అంది టైలరత్త. "ఎంతమందిని కొడతావో కొట్టు."

సీసా గాల్లోనే ఆగింది. చాలా రోజుల తర్వాత అత్త భుజానికి ఇంకో మనిషి భుజం తగులుతోంది. కళ్లు చెమర్చాయి.

అరగంటలో జీపు వచ్చింది. జనాన్ని రోడ్డుకు అడ్డం కూర్చోబెట్టిందని అత్త ఒక్కదాన్నే ఎక్కించుకుపోయారు.

స్టేషన్ బెంచీ మీద మళ్లీ ఒంటరితనం. ఎస్సై కాగితం ముందు పెట్టాడు.

"నీతో ఎవరెవరున్నారో పేర్లు చెప్పు, వదిలేస్తా."

చెబితే కేసులు పడి మిల్లు వాళ్ల ఉద్యోగాలు పోతాయి. అత్త తల వంచుకుంది.

"నేనొక్కదాన్నే."

"అబద్ధం సార్!"

గుమ్మంలో పోస్టుమాన్ బాబాయ్. లోపలికొచ్చాడు. "నేనూ ఉన్నాను. రాసుకోండి."

"నన్నూ రాయండి" అంది వెనక నుంచి మిల్లు పిల్ల.

"నన్నూ."

"నన్నూ."

కాగితం రెండు వైపులా నిండింది. కానిస్టేబుల్ ఇంకో కాగితం కోసం లేచాడు. బయట జనం ఇంకా వస్తూనే ఉన్నారు.