ఎల్లారావు ఎర్ర తువ్వాలు

కొండ మీద ఎల్లారావు ఎర్ర తువ్వాలు ఊపితే చాలు, యారాడలో మేమంతా చేతిలో పని వదిలేసి ఒడ్డుకు పరుగెత్తేవాళ్లం. నీటి రంగు చూసి చేపల గుంపు ఎటు వస్తోందో చెప్పగల కన్ను అతనిది. అతను చూపిన వైపే పడవ వెళ్లేది, పెద్దవల పడేది. ఆ నమ్మకం ఓట్లకూ పాకింది. అతను ఎవరికి వెయ్యమంటే వాళ్లకే వేసేవాళ్లం. ఆలోచించే బాధ మాకు తప్పేది.

ఎనభై ఒకటిలో పంచాయతీ సమితి ప్రెసిడెంటు పదవికి నిలబడ్డ శ్రీరామ్మూర్తిగారు ఈ సంగతి విని, రొప్పుతూ కొండెక్కి అతని పక్కన కూర్చున్నారు.

"మీ ఊరి ఓట్లు పడితే నేను గెలిచినట్టే. గెలిస్తే రోడ్డు వేయిస్తాను."

"ఒక్క ఓటు కూడా బయటికి పోదు బాబూ. నాది పూచీ," అన్నాడు ఎల్లారావు. ఆ రోజు నుంచి అతని కాళ్లు నేల మీద ఆనలేదు.

పోలింగు నాడు కూడా పొద్దున్నే కొండెక్కాడు. కింద ఊరంతా బడి ముందు వరసలో నిలబడింది. గంజి పట్టుకెళ్లిన భార్య చిలకమ్మ, సముద్రం వైపు చూసి ఆగిపోయింది.

"కవళ్ల సేపలు కాదేటి అవి? ఎంత గుంపో సూడు! తువ్వాలు తియ్యి."

"ఇప్పుడూపితే ఒక్కడూ ఓటెయ్యడు. నాను మాటిచ్చినాను. ఎవులైనా అడిగితే మబ్బు నీడని సెప్పు."

"ఊరు రెండు నెల్లు తినే సేపలు, మబ్బు నీడేటి!"

ఎల్లారావు తువ్వాలు తలకు చుట్టుకున్నాడు. గుంపు కొండ దాటి వెళ్లిపోయింది.

సాయంత్రానికి పొరుగు రేవు వాళ్లు పడవలు నింపుకున్నారు. "మీ కొండ కిందనుంచే వొచ్చినాయి, మీకు కనపళ్లేదా?" అని నవ్వారు. చిలకమ్మ మా దగ్గర దాచలేదు, కొండ మీద జరిగింది చెప్పేసింది. శ్రీరామ్మూర్తిగారు గెలిచి, తన మెడలో దండ తీసి ఎల్లారావుకు వేశారు. రోడ్డు కూడా పడింది, అబద్ధమెందుకు. మేమెవరమూ అతన్ని నిలదీయలేదు. తిట్టేసి ఉంటే బాగుండేది. అంత బాధను కడుపులో పెట్టుకుని ఆ రోడ్డు మీదే నడిచాం.

మరుసటి ఏడు ఒక ఉదయం కొండ మీద తువ్వాలు ఊగింది. ఒక్కరూ కదల్లేదు. వల మీద కూర్చున్న అప్పలసూరి, బుట్ట సర్దుకుంటున్న చిలకమ్మ వైపు తిరిగాడు.

"వొదినా, నిజంగా సేపలేనా?"

ఆమె తలెత్తి కొండ మీద ఊగుతున్న ఆ చేతిని కాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది.

"సేపలే. నాది పూచీ, లెగండి," అంది.

అప్పుడు గానీ మేం లేవలేదు.