స్తంభం చెప్పని అడుగు

వాన జల్లుకు గోనెసంచి నెత్తిన కప్పుకుని, మెట్టు మీద గొంతుక్కూర్చుని, నదిలోని కొలత స్తంభాన్ని కళ్లు చిట్లించి చూశాడాయన. పుస్తకంలో పన్నెండు అడుగులని రాసుకున్నాడు. తర్వాత గట్టు మీద ఇనుప గొట్టానికి బిగించిన తెల్ల పెట్టె వైపు, దొంగను చూసినట్టు చూశాడు. దాని బుల్లి తెర మీద పదకొండని ఉంది.

"మళ్లీ మింగేశావా ఒక అడుగు?" అన్నాడు దాంతో.

ఏడాదిగా ఇదే తంతు. పెట్టె గంటకోసారి నీటిమట్టం కొలిచి ఉపగ్రహానికి చెబుతుంది, ఉపగ్రహం వరద కార్యాలయానికి చెబుతుంది. అంత దూరం పోయి వచ్చే మాట మీద ఆయనకు బొత్తిగా నమ్మకం లేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ మెట్ల మీదే తడిసి, ఎండి నీళ్లు కొలిచిన మనిషి మరి. తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికే దాన్ని తెచ్చారనీ, పనిలో పనిగా పైనుంచి తనను కూడా కనిపెడుతున్నారనీ ఆయన అనుమానం. కునుకు తీయాలన్నా గొడుగు అడ్డం పెట్టుకునేవాడు. పెట్టె తగ్గించి చెప్పిన ప్రతిసారీ తేదీ వేసి గుర్తు పెట్టేవాడు.

మధ్యాహ్నానికి ఆయన పుస్తకంలో నీళ్లు పద్నాలుగుకు చేరాయి. పద్నాలుగైతే పల్లపు వీధి ఖాళీ చేయించాలి. పెట్టె మాత్రం తాపీగా పదమూడంటోంది. ఆయన కార్యాలయానికి ఫోన్ చేశాడు.

"మాకు పదమూడే వస్తోంది బాబాయ్," అంది ఇంజనీరమ్మాయి. "ఏడాదిగా మీదెప్పుడూ ఒక అడుగు ఎక్కువే. ఊరికే జనాన్ని లేపితే, రేపు నిజంగా చెప్పినా కదలరు."

"ఆ డబ్బా కూసిందే నిజమా నీకు?"

ఆయనకు ఒళ్లు మండిపోయింది. అంతా కూడబలుక్కున్నారనుకున్నాడు. అంతలో భోజనం క్యారేజీతో వచ్చిన భార్య ఒకసారి పుస్తకంలోకి, ఒకసారి స్తంభం వైపు తొంగిచూసింది.

"పదమూడేగా కనిపిస్తోంది? పద్నాలుగని రాశారేంటి, కళ్లు మసకేశాయా?"

"నీకేం తెలుసు? పాత వరదకు స్తంభం పడిపోతే మేస్త్రి ఒక అడుగు ఎత్తుగా పాతాడు కదా, కలిపి రాయక..."

మాట సగంలో ఆగిపోయింది. 'నువ్వే కలిపి రాసెయ్, ఎవరడుగుతారు' అన్నాడు అప్పటి ఇంజనీరు. పంతొమ్మిదేళ్లుగా కన్ను ఒకటి చూస్తే చెయ్యి ఒకటి రాస్తోంది, ఆయనకే గుర్తు లేకుండా. పెట్టె బిగించిన కుర్రాళ్లు స్తంభం మీది అంకె చూసే దాన్ని సరిచేసుకున్నారు. ఆరోజు ఆయన చేతులు కట్టుకుని, మూతి ముడుచుకుని పక్కనే నిలబడ్డాడు.

ఇప్పుడు నోరు విప్పితే పెట్టెకు ఆ ఒక్క వంకా పోతుంది. ఇక తనతో ఎవరికీ పనుండదు. అయినా ఫోన్ తీశాడు.

"తప్పు నాది అమ్మాయ్. స్తంభమే ఒక అడుగు ఎత్తులో ఉంది. మీ పెట్టె అంకెకు ఒకటి కలుపు. ముందు వాళ్లను లేపు, తర్వాత నన్ను తిడుదువుగాని."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"అడగలేదుగా," అన్నాడు. అన్న మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయాడు.

పది నిమిషాల్లో పల్లపు వీధిలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. పొద్దు వాలేలోపు ఇళ్లన్నీ ఖాళీ అయ్యాయి. మర్నాడు ఉపగ్రహం తీసిన బొమ్మలో ఆ వీధి కప్పులే తేలి కనిపించాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

నది తగ్గిన వారానికి, ఇక కొలత మనిషి అక్కర్లేదని కాగితం వచ్చింది. ఇంజనీరమ్మాయే తెచ్చి తల వంచుకుని ఇచ్చింది. ఆయనకు ఏడుపొచ్చింది కానీ కోపం రాలేదు.

"మాకు చెప్పనివి ఇంకేమైనా ఉన్నాయా బాబాయ్?"

"బోలెడు. రాసిపెడతాలే."

సాయంత్రం క్యారేజీ చేత పట్టుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు. తెల్ల పెట్టె తలుపు లోపల, తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టిన చీటీ ఒకటి అంటించి ఉంది. ఎగువన గేట్లెత్తితే రెండు గంటలాగి చూడాలని, నాచు పట్టిన అంకెల్ని తుడిచి చదవాలని, ఇంకా ఏవేవో కిక్కిరిసిన అక్షరాలు. అన్నిటికన్నా కింద, కాస్త పెద్దగా, ఆయన ఫోన్ నంబరు.